ఎవరూ ఎత్తకపోతే

మా తమ్ముడి కూతురు మడికొండలో ఒక కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తుంది. మొన్న అన్నం డబ్బా ఇంట్లో మరిచిపోతే నేనే ఆటో ఎక్కి తీసుకెళ్లి ఇచ్చాను. వచ్చినదాన్ని ఊరికే పంపడం ఎందుకనుకుందో ఏమో, పక్కన కుర్చీ వేసి తన పని చూపించింది. తెర మీద చిన్న చిన్న గళ్లు, వాటిని కలుపుతూ గీతలు. ఏదో దవాఖానకు ఫోన్లు అమర్చుతోందట. బయటి నుంచి ఫోన్ వస్తే ముందు ఏ గదిలో మోగాలి, అక్కడ ఎవరూ ఎత్తకపోతే ఎటు పోవాలి, ఆదివారమైతే ఎటు, పండగైతే ఎటు, అన్నీ ఆ గీతలే చెబుతాయి. "ఈ సాఫ్ట్‌వేర్ ఫ్రీ అత్తమ్మా, ఎవరైనా తీస్కొని మార్చుకోవచ్చు. ఇంతకుముందు గిదంత కోడ్ రాయాల్సొచ్చేది. ఇప్పుడు బొమ్మ గీస్తె చాలు. మంచి ఐడియా కదా?" అంది. ఐడియా మంచిదే. కానీ నాకు ఒళ్లు మండిపోయింది. పాపం, ఆ పిల్ల మీద కాదు. అదే బొమ్మను మా చిన్నమ్మ ఎప్పుడో గీసింది. గీసినందుకు ఆమెకు దక్కింది ఒక మెమో.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు, మట్టెవాడలో మాతోనే ఉండేది. డెబ్బైల మొదట్లో చర్చి వాళ్లు నడిపే మిషన్ దవాఖానలో ఫోన్ బోర్డు మీద కూర్చుంది. మెట్ల కింద గది, ఒక్కటే కిటికీ. బోర్డు నిండా రంధ్రాలు, ముందు తాళ్లు. ఎక్కడి నుంచైనా ఫోన్ వస్తే ఆ రంధ్రం మీది రేకు మూత టప్పున పడేది. చిన్నమ్మ ఒక తాడు అందులో గుచ్చి, "ఎవలు కావాలె?" అని అడిగి, రెండో కొస తీసుకెళ్లి కావలసిన డాక్టరు గది రంధ్రంలో గుచ్చేది. అంతే పని అని అందరూ అనుకునేవారు. డాక్టరు ఆ గదిలో లేకపోతే? అసలు పని అక్కడ మొదలయ్యేది. ఎవరు ఏ వేళకు ఎక్కడ ఉంటారో ఆమెకు తెలుసు. పెద్ద డాక్టరమ్మ నాలుగింటికి మేట్రన్ ఇంట్లో చాయ్ తాగుతుందని తెలుసు. సర్జన్ గారు స్నానానికి వెళ్తే ఇరవై నిమిషాలకు తక్కువ రాడనీ తెలుసు. ఈ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. మా నాన్న కోసం ఎవరైనా తలుపు కొడితే, "ఇప్పుడైతె బట్టల దుకాణం కాడ ముచ్చట పెడ్తాండు, పది నిమిషాలాగి పోతె టైలర్ కాడ దొరుకుతడు" అని చెప్పేది. మా నాన్నకు అది చచ్చేంత ఇబ్బందిగా ఉండేది. తప్పు చెప్పిందని మాత్రం ఎన్నడూ అనలేకపోయాడు.

తను సెలవు పెట్టిన రోజు బోర్డు మీద కూర్చునే నర్సు కోసం చిన్నమ్మ ఒక పటం గీసింది. చర్చి వాళ్లు ఇచ్చిన క్యాలెండర్ వెనక, నీలం పెన్సిల్‌తో గళ్లు, వాటి మధ్య గీతలు. ఎవరూ ఎత్తకపోతే పోవాల్సిన దారి ఎర్ర గీత. ఆదివారానికి వేరే పటం. ఎందుకంటే ఆదివారం పొద్దున ఆరాధన వేళకు డాక్టర్లందరూ చర్చిలోనే ఉండేవారు. అప్పుడు వచ్చిన ఫోన్ చర్చి వెనక కాపలాదారు గదికి పోవాలి. అతను చెప్పులు విడిచి పక్క వరసలో నడిచి వచ్చి డాక్టరు భుజం తట్టాలి. పటం అంచున ఒక మాట కూడా రాసింది, ఫలానా సంఘపెద్ద ప్రార్థనకు లేస్తే ఇంకో అరగంట కలుపుకోవాలని.

ఎనభైల చివర దవాఖానకు ఆటోమేటిక్ ఫోన్ మిషన్ వచ్చింది. తాళ్లు లేవు, మనిషి అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు ఒక ఫోన్ ముందేసుకుని, అంకెలు నొక్కుతూ దానికి దారులు నేర్పుతున్నాడు. ముందు ఎక్కడ మోగాలి, తర్వాత ఎక్కడ అని అడిగాడు. చిన్నమ్మ తన పటం చాపింది. దవాఖాన మేనేజరు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "గిదేంది, ముగ్గా?" అన్నాడు. ఆఫీసు కాగితం మీద టైపు చేయించిన జాబితా ఇచ్చాడు. ముందు సూపరింటెండెంట్ ఇల్లు, తర్వాత ఆయన కింది డాక్టరు ఇల్లు, ఆ తర్వాత తన ఇల్లు. హోదా ప్రకారం! ఫోన్ చేసేవాడి ప్రాణం మీదికి వస్తే వీళ్లకు మర్యాద వరస కావాలి. చిన్నమ్మను రోగులకు చీట్లు రాసే కిటికీకి మార్చారు. "ఇగ నీకేం ఫికర్ లేదమ్మా, ప్రతి ఆదివారం నిమ్మళంగ చర్చికి రావచ్చు" అని మేనేజరు పెద్ద మేలు చేసినట్టు చెప్పాడు.

వచ్చింది. మూడో ఆదివారమో నాలుగోదో, నేను ఆమె పక్కనే కూర్చున్నాను. సూపరింటెండెంట్ ఇల్లు చర్చి గోడకు ఆనుకునే ఉంటుంది. ప్రార్థన మధ్యలో ఆ ఇంట్లో ఫోన్ మోగడం వినిపించింది. ఆగింది. మళ్లీ మోగింది. నాకైతే ఏదో ఫోన్. చిన్నమ్మ మాత్రం కళ్లు తెరిచి లెక్కపెడుతోంది. ఆ మూడు ఇళ్లవాళ్లూ మా ముందు బెంచీలో తలలు వంచుకుని ఉన్నారు. మూడోసారి మోగగానే లేచి డాక్టర్ల వైపు అడుగు వేసింది. మేనేజరు వెనక్కి తిరిగి చూశాడు. "కూసో అమ్మా, ప్రార్థన నడుస్తాంది" అని చేత్తో సైగ చేశాడు. చిన్నమ్మ కూర్చుంది. ఫోన్ ఆగిపోయింది.

ఆ ఫోన్ చేసింది ములుగు వైపు రైతు. భార్యకు నొప్పులు మొదలై రక్తం పోతుంటే జీపు ఎక్కించి, బయలుదేరే ముందు బస్టాండు దుకాణం నుంచి చేశాడు, తామొచ్చేసరికి అన్నీ తయారుగా ఉంచమని చెప్పడానికి. జీపు వచ్చేసరికి ఆపరేషన్ థియేటర్‌కు తాళం ఉంది. డాక్టరమ్మను చర్చి నుంచి పిలుచుకొచ్చారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ఆ మనిషి వరండాలో నిలబడి ఒకటే అడిగాడు, "మూడుసార్లు చేస్తి గద సారూ, ఎవలన్న ఎత్తద్దా?"

వారం తిరక్కుండా మెమో వచ్చింది. చిన్నమ్మకు! పాత ఆపరేటరు బాధ్యతలు సరిగ్గా అప్పగించకపోవడం వల్ల ఈ పొరపాటు జరిగిందట. అదే వారం ఇంజనీరును మళ్లీ పిలిపించి, చిన్నమ్మ పటం చూసి మిషన్‌కు మళ్లీ దారులు నేర్పించారు. కొత్త ఏర్పాటు బాగుందని చర్చి సంఘం మీటింగులో మేనేజరుకు చప్పట్లు కొట్టారు. నేను ఊగిపోయాను, పైవాళ్లకు ఫిర్యాదు కాగితం రాస్తానన్నాను. చిన్నమ్మ వద్దంది. ఉద్యోగం నుంచి దిగిపోయేదాకా ఏటా తనే వెళ్లి, ఆ మెమో వెనక్కి తీసుకోమని అడిగింది. చూద్దాం అన్నారు. చూస్తూనే ఉన్నారు. ఇంట్లో ఆమె మెమో ఊసెత్తేది కాదు. ఎప్పుడైనా బియ్యం ఏరుతూ, "కూసొమ్మంటె నేనెందుకు కూసున్ననే?" అనేది. ఆ ప్రశ్న వేసుకోవాల్సినవాళ్లు ముందు బెంచీలో ఉన్నారని ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెవికి ఎక్కలేదు.

అన్నం డబ్బా ఇచ్చొచ్చిన మర్నాడు, చిన్నమ్మ పెట్టెలో దాచుకున్న ఆ పటం తీసుకుని మళ్లీ మడికొండ వెళ్లాను. మడతల దగ్గర చిరిగింది, పెన్సిల్ మాత్రం చెక్కుచెదరలేదు. నా మేనకోడలు దాన్ని బల్ల మీద పరిచింది. తర్వాత ఒక్కొక్క గడినీ తెర మీద పెట్టి, గీతలు కలిపింది. ఆదివారం గడి కూడా పెట్టింది. అన్ని ఎర్ర గీతలూ చివరికి ఒకే గడి దగ్గరికి వచ్చాయి. పటంలో ఆ గడి లోపల చిన్నమ్మ చేతిరాత: "యాడ ఎవ్వరెత్తకపోతె నేనే ఉరుకుత." ఆ పిల్ల చేయి ఆగింది. ఆ చోట మిషన్‌లో ఏం పెడతారని అడిగాను. "మామూలుగా కాల్ కట్ అని పెడ్తం అత్తమ్మా" అంది నెమ్మదిగా. వద్దన్నాను. "ఏదో ఒకటి పెట్టకపోతె సేవ్ కాదు" అంది. ఇద్దరం ఆ ఖాళీ గడిని చూస్తూ కూర్చున్నాం. మెట్ల కింది గది నుంచి థియేటర్ దాకా, చెప్పులు చేత పట్టుకుని ఉరికితే చిన్నమ్మకు రెండు నిమిషాలు పట్టేది. ఇన్నేళ్లు గడిచినా ఆ రెండు నిమిషాలకు మిషన్‌లో ఎవరూ ఒక గడి పెట్టలేదు.