తిరగేసి చూసిన కోటు

కటింగ్ మాస్టరుకి రక్తం చెడిపోయిందట, అందుకే మంగళవారం కుట్టు దుకాణం తెరవలేదట అని వీధంతా చెవులు కొరుక్కుంది. ఎదురు కొట్టు ఇస్త్రీ ఆమె ఇంకో అడుగు ముందుకేసి, ఒళ్ళంతా పాకిపోయిందని తేల్చేసింది.

నిజానికి ఆయన కడుపులో క్యాన్సర్ తొలిదశలోనే దొరికింది. రెండేళ్ళ కిందట నోట్లోంచి గొట్టం దింపి, పొట్ట కోయకుండానే దాన్ని తీసేశారు. ఆర్నెల్లకోసారి మళ్ళీ గొట్టం వేసి చూడాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ గొట్టం పేరెత్తితేనే మాస్టరుకి పై ప్రాణాలు పైనే పోయేవి. ఒకే ఒక్కసారి వేయించుకున్నాడు. ఆ తర్వాత మూలమీది ల్యాబులో రక్తం మాత్రం ఇచ్చి వచ్చేవాడు. అంకెలన్నీ హద్దులోనే ఉండేవి. నలభై ఏళ్ళు టేపు మీది అంకెలను నమ్మి బతికిన మనిషి, వీటినీ నమ్మాడు.

బల్ల సొరుగు సర్దుతుంటే, గుండీలు కుట్టే కోడలికి ఆ కాగితాలు దొరికాయి. దాదాపు అన్నీ రక్త పరీక్షలవే. గొట్టం వేసినది ఒక్కటే, పద్నాలుగు నెలల కిందటిది. మామగారి ముందు నోరు పెగలని పిల్ల. రెండు రోజులు మాటను నోట్లోనే నానబెట్టుకుంది. మూడో రోజు ఇస్త్రీ అయిన కోటు తెచ్చి ఆయన ముందు పరిచింది.

"మడిచి సంచిలో పెట్టేయనా మామయ్యా?"

"తిరగేసి చూశావా?"

"పైకి బాగానే ఉంది కదా. కొలతలూ సరిపోయాయి."

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు! లోపలి కుట్టు చూడకుండా ఏ కోటైనా గడప దాటించానా నేను?"

ఆమె బల్ల సొరుగు లాగింది. రక్తం కాగితాల కట్ట తీసి కోటు పక్కన పెట్టింది.

మాస్టరు కాగితాలు ఒక్కొక్కటే తిప్పి తేదీలు చూశాడు.

"గుండీలు కుట్టమంటే నా లోపలి కుట్టే తిరగేసి చూస్తున్నావే," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఆస్పత్రికి తోడొస్తావా?"

"వస్తాను మామయ్యా."

మంగళవారం దుకాణం తెరవకుండా ఇద్దరూ వెళ్ళి గొట్టం వేయించారు. పాత మచ్చకు కాస్త దూరంలో, చొక్కా గుండీలో సగమంత కొత్త గడ్డ కనిపించింది. దీన్ని కూడా గొట్టంతోనే తీయగలమో లేదో దాంట్లోంచి గిల్లి తీసిన ముక్క పరీక్ష ఫలితం వచ్చాకే చెబుతామన్నారు. ఆ ఉదయమే తీసిన రక్తం రిపోర్టును కోడలు బస్సులో విప్పి చూసింది.

అంకెలన్నీ హద్దులోనే ఉన్నాయి.