చెరువు నిండితే మునుగుతానన్నాడు

పాస్టరుగారు మిద్దె మీద ఫోనులో మాట్లాడుతుండగా నాయన చనిపోయాడు. ఉదయం ఎనిమిది కావస్తోంది. మా ఊళ్ళో ఫోను సరిగా పలకాలంటే మిద్దె ఎక్కి పడమటి పిట్టగోడ దగ్గర నిలబడాలి. కింద వసారాలో నులక మంచం మీద నాయన, తలాపున అమ్మ, కాళ్ళ దగ్గర నేను ఉన్నాం. అమ్మ పక్కన బిందె నిండా నీళ్ళు, పైన చెంబు బోర్లించి ఉంది.

పాస్టరుగారు గబగబా మెట్లు దిగి వచ్చాడు. ముప్పై ఏళ్ళు దాటని మనిషి. ముఖం తేలికపడి ఉంది.

"నీళ్ళు పొయ్యొచ్చన్నారమ్మా. పెద్దయ్యగారు ఒప్పుకున్నారు. చెంబుతో మూడుసార్లు పోస్తే చాలన్నారు."

"పోయినాడు" అంది అమ్మ.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అమ్మ చెంబు ముంచి ఆయన చేతికి అందించింది.

"ఒళ్ళింకా వెచ్చగానే ఉండాది. పొయ్యండయ్యా."

"బాప్తీస్మం ప్రాణం ఉండంగానే ఇయ్యల్లమ్మా. పోయినంక ఇయ్యకూడదు."

చెంబు ఆయన చేతిలో ఉండిపోయింది. ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత ఒలకకుండా ఆ నీళ్ళను మళ్ళీ బిందెలోకే వంచాడు. ఆయనదీ ఈ సీమే. నీళ్ళు నేలపాలు చేయడం మాకెవరికీ చేతకాదు.

అమ్మ వెళ్ళే సంఘంలో బాప్తీస్మమంటే నీళ్ళలో పూర్తిగా ముంచి లేపడం. తల మీద చిలకరిస్తే చాలనే సంఘాలు వేరే ఉన్నాయి. పాత బతుకును నీళ్ళలో పాతిపెట్టి కొత్త బతుకుతో పైకి లేవాలనీ, అలా లేచినవాళ్ళు చనిపోయాక మళ్ళీ ఒకచోట కలుస్తారనీ అమ్మ నమ్మకం. పెళ్ళయిన కొత్తలో ఆమె మా ఊరి చెరువులో మునిగింది. పదిహేనో ఏట నేనూ అక్కడే మునిగాను. అప్పుడు నీళ్ళు నా ఛాతీదాకా ఉన్నాయి.

నాయన మునగలేదు. ఆయన ఆ చెరువుకు నీరుగంటి. తూము తెరవడం, ఎవరి మడికి ఎంతసేపు పారాలో చూసుకోవడం, మూయడం ఆయన పని. తాత చేసిన పని కూడా అదే. చెరువు కింద మాకు సెంటు భూమి లేదు. ఆదివారం అమ్మను మందిరం దాకా దిగబెట్టి, ఆమె వచ్చేదాకా బయట బండ మీద కూర్చుని బీడీ కాల్చేవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. చెరువు ఎండి, తూముతో పని లేకుండా పోయిన తర్వాత ఒక ఆదివారం ఆ బండ మీది నుంచి లేచి, లోపలికి పోయి చివరి వరుసలో కూర్చున్నాడు. ఎందుకని నేను అడగలేదు. విలేకరిగా జిల్లాలో కనపడినవాళ్ళందరినీ ప్రశ్నలు అడిగాను గానీ, ఆయన్ని అడగాలని తోచలేదు.

ఒకసారి పరలోకంలో పారే జీవజల నది గురించి ప్రసంగం నడుస్తోందట. నాయన మధ్యలో లేచి నిలబడ్డాడని అమ్మ చెప్పింది.

"ఏమయ్యా, ఆ ఏరు ఎండాకాలం గూడా పారతాదా?"

"ఎప్పుడూ పారతాది పెద్దాయనా."

"తూము ఎవరు చూస్తారు ఆడ?"

మందిరమంతా నవ్వింది. పాస్టరుగారు కూడా నవ్వి, "ఆడ తూములుండవు పెద్దాయనా. ఎవరికెంత కావల్లంటే అంత" అన్నాడట.

"అట్లయితే ఆడ నాకేం పని?" అని నాయన కూర్చున్నాడు.

పరువు తీశావని అమ్మ దారి పొడుగునా తిట్టింది. ఇల్లు చేరేసరికి, తాను బాప్తీస్మం తీసుకుంటానని ఆమెతో చెప్పాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. మా చెరువులోనే మునగాలి.

మండల కేంద్రంలోని మందిరంలో సిమెంటు తొట్టి ఉంది. టాంకరు నీళ్ళతో నింపుతారు. చెరువులు ఎండినప్పటి నుంచి చుట్టుపక్కల వాళ్ళందరూ అక్కడే మునుగుతున్నారు. అమ్మ పోరు పడలేక నాయన పోయి దాన్ని చూసి వచ్చాడు.

"ఎద్దుల్ని కడిగే తొట్టి మాదిరి ఉండాది" అన్నాడు. "ఇన్నేండ్లు ఊరందరికీ నీళ్ళు వదిలినా. ఆ చెరువులో ఒక్కసారి నా కోసరం దిగనీ. నిండనీలే."

"నిండకపోతే?"

"ఎందుకు నిండదు? నీ కొడుకు పేపర్లో రాసినాడు గదా."

రాసిన మాట నిజమే. కొత్తగా తవ్వుతున్న కాలువ నీళ్ళు వచ్చే నెలలో మా మండలం చెరువులకు చేరతాయని జిల్లా పేజీలో రెండు కాలమ్‌ల వార్త. ఇంజినీరును అడిగాను, ఆయన చెప్పాడు, రాశాను. చివర "అధికారులు తెలిపారు" అని పెట్టాను. ఆ రెండు మాటలు పెడితే, నీళ్ళు రాకపోయినా విలేకరిని ఎవరూ ఏమీ అనరు. మరుసటి ఏడు అదే వార్త, ఆ మరుసటి ఏడు అదే వార్త. నాయనకు చదువు రాదు. మందిరంలో వాక్యం చదవాలని అక్షరాలు నేర్చుకున్న అమ్మే ఆయనకు పేపరు చదివి వినిపించేది. ఆ మూడు వార్తల ముక్కలూ కత్తిరింపించి ట్రంకుపెట్టెలో పెట్టించుకున్నాడు.

నేను ఊరికి పోయినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"ఏమప్పా, వచ్చే నెలేనా?"

"ఆఫీసర్లు అంటాండారు నాయనా."

"వాళ్ళ మాట నాకెందుకు? నువ్వు రాసినావు గదా."

రెండో వార్త రాసేనాటికే కాలువ పని ఆగిపోయి ఉండటం నేను చూశాను. మా ఊరికి పోయే రోడ్డు పక్కనే తవ్వకం ఒకచోట ఆగిపోయి, అందులో కంపచెట్లు నడుమెత్తు పెరిగాయి. ఆ సంగతి వార్తలో రాయలేదు. అధికారి కాగితం మీద పని సాగుతున్నట్లే ఉంది. నాయనతోనూ చెప్పలేదు. అడిగేటప్పుడు ఆయన ముఖం అంతగా వెలుగుతుండేది.

మూడో ఏడు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రిలో చెప్పారు. తొట్టి దాకా మోసుకుపోయే స్థితి దాటిపోయింది. అప్పుడు అమ్మ పాస్టరుగారిని పిలిపించి చెంబు నీళ్ళ కోసం బతిమాలింది. వాళ్ళ సంఘంలో ఆ పద్ధతి లేదు. తనకు పై పాస్టరైన పెద్దయ్యగారిని ఒక మాట అడుగుతానని ఆయన మిద్దె ఎక్కాడు.

నాయనను సంఘం వాళ్ళ స్థలంలోనే పూడ్చారు. బాప్తీస్మం లేదని ఎవరూ అడ్డు చెప్పలేదు. మూడో రోజు ఆదరణ కూడికలో పాస్టరుగారు సిలువ మీది దొంగ సంగతి చెప్పాడు. బాప్తీస్మం లేకుండానే, ఆఖరి గడియలో అడిగి, ప్రభువుతో పరదైసుకు పోయిన దొంగ. అందరూ తలలూపారు. జనం లేచి పోయాక అమ్మ ఆయన దగ్గరికి వెళ్ళింది.

"ఆ దొంగకు మేకులు కొట్టినారయ్యా. దిగి నీళ్ళకాడికి పోయే దోవ లేదు. ఈయనకు మూడేండ్లుండె. తొట్టి ఉండె. పోలేదు. ఇద్దరూ ఒకటేనా?"

ఆయన చేతిలోని బైబిలు మూశాడు.

"నేను ఆయన్ను మళ్ళా చూస్తానా, లేదా? అదొక్కటి చెప్పండి, చాలు."

"నాకు తెలీదమ్మా. దేవునికి తెలుసు."

అబద్ధం చెప్పలేని మనిషి. ఆ పూట ఒక్క అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

ఆ సాయంత్రం అమ్మ ట్రంకుపెట్టె తెరిచి మూడు పేపరు ముక్కలూ తీసింది. ఇప్పుడు నన్ను అంటుందనుకున్నాను. చెప్పుకోవడానికి నాలుగు మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె ముక్కలు వరుసగా మంచం మీద పరిచి, మొదటిదాని ఆఖరి వాక్యం కింద వేలు పెట్టింది.

"ఈడ అధికారులు తెలిపారు అని ఉండాది చూడు. ఈ మాట నేను ఆయనకు ఎప్పుడూ చదవలేదురా."

"ఎందుకమ్మా?"

"నువ్వే చెప్పినట్లుంటే ఆయనకు ధైర్యంగా ఉంటాదని. చదివింటే తొట్టికాడికి పోయింటాడేమో. నేనే ఆపినట్లయింది."

కాలువ పని ఆగిపోయిన సంగతి నాకు ముందే తెలుసని అప్పుడైనా చెప్పాల్సింది. ఆ ముక్కలు మడిచి ఆమె చేతికిచ్చాను.

తర్వాత తాడిపత్రి నుంచి నల్లబండ తెప్పించాం. దాని మీద పేరు, అంచనాగా పుట్టిన ఏడు, చనిపోయిన తేదీ చెక్కారు. మా సమాధుల మీద ఆఖరి వరుస అందరికీ ఒకటే, ప్రభువునందు నిద్రించిరి అని. చెక్కేవాడు ఎవరినీ అడగకుండానే దానికోసం సుద్దతో గీతలు గీసుకున్నాడు. అమ్మ ఆపింది.

"అది వద్దప్పా."

"ఏమ్మా, అందరికీ రాసేదే గదా."

"తెలియంది రాయద్దు."

"కింద బోసిగా ఉంటాదమ్మా."

"ఉండనీ."

రెండేళ్ళయింది. అమ్మ ఆదివారం మందిరానికి పోతూనే ఉంది. పాటలు పాడుతుంది. ప్రభువు బల్ల సంస్కారమప్పుడు, మనసులో తప్పు మోసేవాళ్ళు ముట్టకూడదనే రొట్టె పళ్ళెం తన దాకా వస్తే మాత్రం తీసుకోకుండా పక్కావిడకు అందిస్తుంది. కాలువ గురించి తనకు ముందే తెలుసని ఆమె కొడుకు ఆమెకింకా చెప్పలేదు. చెరువుకు నీళ్ళు రాలేదు. రాయి మీద, తేదీ కింద, నాలుగు వేళ్ళ మేర ఖాళీగా ఉంది.