ఉప్పు తీసి ఉప్పు కలిపిన రోజు

1964వ సంవత్సరం. ముత్తుకూరు దాటాక సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో నేను కొత్తగా చేరిన నర్సును. సెలైన్ సీసాలు నెల్లూరు నుంచి వచ్చేవి. అవి అందనప్పుడు మేమే తయారు చేసుకోవాలి. దానికి కావలసిన డిస్టిల్డ్ వాటర్, అంటే నీటిని మరిగించి ఆ ఆవిరిని చల్లార్చి పట్టిన నీరు, తీసే పని నాది. మనుషులతో మాట్లాడడం కంటే ఆ గాజు గొట్టాలతో పనే నాకు సులువుగా ఉండేది.

ఆ వానల్లో పక్క పాలెం నుంచి వెంకటేసు తన భార్య పోలమ్మను మోసుకొచ్చాడు. కలరా. కళ్లు లోతుకు పోయాయి. నాడి అందీ అందకుండా ఉంది. డాక్టరుగారు మా దగ్గరున్న చివరి సీసా ఎక్కించి, "ఇది అయిపోయేలోగా ఇంకోటి కావాలమ్మా. రోడ్డు నీళ్లలో ఉంది, నెల్లూరు నుంచి ఏదీ రాదు" అన్నారు.

బావినీళ్లు పాత్రలో పోసి పంపు స్టవ్వు వెలిగించాను. వెంకటేసు గుమ్మంలోనే నిలబడ్డాడు. మొదట పడిన నీటిని నేను పారబోయగానే అదిరిపడ్డాడు.

"పారబోస్తుండావేందమ్మా! ఆడ నా పెండ్లాం పోతా ఉంటే!"

"అవి గొట్టం కడిగిన నీళ్లన్నా."

"గుడ్డలో వడకట్టి ఎక్కించరాదా?"

"వడకడితే మట్టి పోతుంది. కరిగిన ఉప్పు పోదు."

"ఎక్కించేది ఉప్పునీళ్లేనంటిరి గదా? ఉన్న ఉప్పు తీసేసి మళ్లా ఉప్పేస్తారా? యాడన్నా ఉండాదా ఇది?"

వేరే రోజయితే నవ్వేదాన్ని. బావిలో ఉప్పు ఎంతుందో, దానితో ఇంకేముందో మనకు తెలియదని, రక్తంలోకి తూచిన ఉప్పే పోవాలని చెప్పాను. అతని చెవికి ఎక్కినట్టు లేదు. ఉప్పు తూచడానికి నేనటు తిరగగానే స్టవ్వు పంపు గబగబా కొట్టేశాడు. ఉప్పు తూచి, ఫిల్టర్ కాగితాలు సర్దుకుని మళ్లీ చూసేసరికి సీసా నిండిపోయింది.

"చూడు, అయిపాయె!" అన్నాడు ఆశగా.

ఆ నీటిలో కొంచెం గాజుగొట్టంలోకి తీసి సిల్వర్ నైట్రేట్ చుక్క వేశాను. ఉప్పు లేకపోతే నీరు తేటగా ఉండాలి. పాలు కలిపినట్టు తెల్లబడింది. మంట ఎక్కువై తెర్లిపోయిన బావినీటి తుంపరలు ఆవిరితోపాటు ఇవతలికి వచ్చేశాయి.

"ఎంతవరకు వచ్చింది?" పక్కగదిలోంచి డాక్టరుగారు అడిగారు.

"ఇది పనికిరాదు సార్. మళ్లీ తీస్తున్నాను."

"సరే. చుక్కలు తగ్గించి పెడతాను. కానివ్వు."

నిండిన సీసా ఒంపేస్తుంటే వెంకటేసు తల పట్టుకుని కూలబడ్డాడు.

"అన్నా, మంట తగ్గించు."

"తగ్గించేదా?"

"తగ్గించు. నేను చెప్పేదాకా పంపు ముట్టుకోవద్దు."

అంత గట్టిగా నేను ఎవరితోనూ మాట్లాడి ఎరగను. నీరు చుక్కచుక్కగా పడింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఈసారి సిల్వర్ నైట్రేట్ చుక్క వేసినా తేటగానే ఉంది. ఉప్పు కలిపి, ఫిల్టర్ కాగితంలో వడకట్టి, సీసాను ఆవిరిలో ఉడికించి, చల్లార్చి తీసుకెళ్లేసరికి అక్కడ పాత సీసా ఖాళీ అయింది. డాక్టరుగారు పోలమ్మ మణికట్టు వదలలేదు.

ఆ సీసా, దాని వెనుక ఇంకోటి ఎక్కాక పోలమ్మ కళ్లు తెరిచింది. "వలలు తడిసిపోయుంటాయి, పోయి చూడు" అని మొగుణ్ణి కసిరింది.

పక్కన ప్రాణం పోతున్నప్పుడు చెయ్యి తనంతట తానే పెద్ద మంట వైపు పోతుంది. ఆ చేతిని ఆపడమే నేను ఆ రోజు నేర్చుకున్న పని.