గీత దాటకముందే నవ్విన దేవదూత

ఒక్క దినంలనే ఒక లెక్కల పరీక్షను, ఒక కబడ్డీ జట్టును, ఒక సెమీ క్రిస్మస్ ప్రోగ్రామును ముంచిన మనిషి కరీంనగర్ల ఎవరన్న ఉన్నరా అని అడిగితె, చెయ్యి లేపేది నేనొక్కదాన్నే. గోదావరి సుత వరదొచ్చినప్పుడు ఒక ఊరికీ ఇంకో ఊరికీ నడుమ జర టైమిస్తది. నేనియ్యలే. పొద్దుగాల మొదలువెట్టి, మాపటికి బిర్యానీ వడ్డించేలోపల పని పూర్తి చేసిన.

నా పేరు ఎస్తేరు. గప్పుడు నాది పదో తరగతి. నా తెలివి ఎంతటిదో మీకే అర్థమైతది, ముందుగాలనే జెప్పి మజా ఖరాబు చెయ్య.

మా అవ్వ, అంటె మా అమ్మ, మిషన్ దవాఖాన్ల నర్సు. బాపుకు ట్రాలీ ఆటో ఉండె. అవ్వ దవాఖానకు కొత్తగ ఒక డాక్టరుసారు వచ్చిండు. ఆయన భార్య రోజ్‌లిన్ మేడం కలకత్తామె. చిన్నప్పటి సంది బ్యాలే నేర్చుకున్నదట. కరీంనగర్ల ఉత్తగ కూసోలేక, చర్చి వెనక హాలుల ఆడపిల్లలకు బ్యాలే నేర్పుత అన్నది. డాక్టరుసారు భార్య అడిగితె నర్సు కాదంటదా? తెల్లారే అవ్వ నన్ను తీస్కపోయి అప్పజెప్పింది.

మా వాడకట్టుల బ్యాలే అంటె ఏందో ఎవ్వలికీ తెల్వదు. బాపు అడిగిండు, "ఏం నేర్పుతరు బిడ్డా గక్కడ?"

"కాలివేళ్ల మీద నిలబడుడు, బాపు."

"గంతేనా? అటక మీది డబ్బాలు దించేటప్పుడు మీ అవ్వ దినాం నిలబడ్తది గద."

అవ్వ వంటింట్ల నుంచి గరిటె చూపెట్టింది. బాపు ఆటో తుడుసుడు మొదలువెట్టిండు.

నిజం జెప్పాలంటె నాకు బ్యాలే మస్తు నచ్చింది. హాలు కిటికీ కడ్డీ పట్టుకొని కాలు లేపితె, నేను ట్రాలీ ఆటో మల్లయ్య బిడ్డను కాదు, మబ్బుల మీద నడిచే మనిషిని అనిపిస్తుండె. రోజ్‌లిన్ మేడం తెలుగుల మాత్రం ఆడ లేదు, మగ లేదు. ఆమె నేర్పిన పెద్ద పాఠం ఇది: "ఎస్థర్! జంప్ చేసినాడు, కింద దిగినాడు, ఇంక కదలొద్దు! ఆగు! గడ్డం పైకి! నవ్వు! జనం అందరు చూసిండు, అప్పుడు కదులు!"

గా మాట నా బొక్కలల్ల మూలుగ దాంక ఎక్కింది. అదే నా కొంప ముంచింది.

ఇగ బడిల మా పీఈటీ నర్సయ్య సారు. నేను కొర్రమట్ట చేప లెక్క ఎవ్వల చేతికీ చిక్కనని కనిపెట్టి, నన్ను కబడ్డీ జట్టుల కూతకు పంపేదానిగ చేసిండు. ఎదుటోళ్ల దిక్కు పోయి, ఊపిరి పీల్చకుంట 'కబడ్డీ కబడ్డీ' అనుకుంట, ఒకలనో ఇద్దరినో ముట్టి, నడిమి గీత దాటి వాపసు వచ్చుడు నా పని. జట్టుకు కెప్టెన్ స్వప్న. వాళ్ల నాయిన సిరిసిల్లల మగ్గాల మీద కూలి. స్వప్న మా బడి హాస్టల్ల ఉండి చదువుతుండె. పట్టు పట్టిందంటె ఎద్దు సుత ఆగాలె.

బ్యాలే వల్ల నా పాదాలు పక్కకు తిరిగినయి. అది చూసి నర్సయ్య సారు, "ఏందమ్మ గా బాతు నడక? కూతకు పోతున్నవా, చెరువుకు పోతున్నవా?" అనేటోడు. కబడ్డీ వల్ల నా మోకాళ్లు కొట్టుకపోతుండె. అది చూసి రోజ్‌లిన్ మేడం, "ఈ మోకాలు ఎవరు తిన్నాడు?" అని నెత్తి పట్టుకునేది. సారు డాన్సు బంద్ చెయ్యమంటడు. మేడం కబడ్డీ బంద్ చెయ్యమంటది. అవ్వ మాత్రం ఎవ్వల దిక్కూ మాట్లాడలే. "లెక్కలల్ల మార్కులు తగ్గినయనుకో, రెండూ బంద్" అన్నది, సూది గుచ్చినంత సల్లగ.

డిసెంబరుల మూడూ వచ్చి ఒకే దినం మీద పడ్డయి. పొద్దుగాల లెక్కల పరీక్ష. పగటి అన్నం తిన్నంక మా బడి గ్రౌండుల చెన్నూరు పిల్లలతోని సెమీఫైనల్. మాపటీలి చర్చిల, పండుగకు ముందుగాల చేసే సెమీ క్రిస్మస్, దాంట్ల మేడం నేర్పిన డాన్సుల నేను దేవదూతను.

బాపు బతిమిలాడిండు. "ఏదన్న ఒకటి ఇడిసిపెట్టు బిడ్డా. నా ట్రాలీ మీద సుత ఫ్రిజ్జు, బీరువా, మంచం ఒక్కసారె ఎక్కియ్య."

"నువ్వు ఫికర్ చెయ్యకు బాపు. నాది మొత్తం ప్లాన్ ఉంది."

ఆహా, నా ప్లాన్ వినాలె మీరు! మాటిమాటికి బట్టలు మార్చుకుంటె టైము ఖరాబైతదని, నడుం దాంక వచ్చే డాన్సు తెల్ల మేజోళ్లు తొడిగి, వాటి మీద కబడ్డీ ప్యాంటు తొడిగి, దాని మీద బడి యూనిఫాం వేసిన. మేడం చెప్పినట్టు జుట్టు గట్టిగ గుంజి నడినెత్తిన ముడి వేసి పిన్నులు గుచ్చిన. కండ్లు సుత పైకి గుంజుకపోయినయి. పరీక్షహాల్ల నన్ను చూసిన పిల్లలు, నేను లెక్కలకు భయపడ్డననుకున్నరు.

భయమా? నాకా? పేపరు ఇచ్చుడే ఆలస్యం, టకటక చేసిన. బల్ల కింద కాలివేళ్లు సాగదీసుకుంట, బల్ల మీద త్రికోణాలు గీసుకుంట, అందరికంటె ముందు లేచి పేపరిచ్చి బయటికొచ్చిన. కాపలా ఉన్న టీచరు నా దిక్కు అదోరకంగ చూసింది. నా తెలివికి బిత్తరపోయిందనుకున్న.

గ్రౌండుకు పోతుంటె స్వప్న అడిగింది, "వెనక పేజీల గ్రాఫు సక్కగ వచ్చిందా నీకు?"

"వెనక పేజీ ఏంది?"

స్వప్న ఆగింది. "పేపరు తిప్పలేదా?"

ఇప్పుడు మీరే జెప్పున్రి, కాయితానికి రెండు దిక్కుల అచ్చు ఉంటదని పదో తరగతి పిల్లకు ఎట్ల తెలుస్తది? పదేండ్ల సంది చదువుతున్నంత మాత్రాన అన్నీ తెల్వాల్నా?

"గది పోనియ్యే. కబడ్డీ గెలిస్తె అన్నీ సరిపోతయి" అన్న.

చెన్నూరు పిల్లలు గట్టోళ్లు. వాళ్ల చేతులు చూస్తె మనిషిని పట్టుకునేటట్టు లేవు, ఎండిన బట్టల లెక్క మడతపెట్టేటట్టున్నయి. ఆట చివరిదాంక ఇటు అటు ఊగింది. నడుమ ఒకామె నా నడుం పట్టింది. నేను మేడం నేర్పినట్టు కాలివేలి మీద గిర్రున తిరిగి తప్పించుకున్న. గ్రౌండంత ఒక్కసారి చప్పట్లు! నర్సయ్య సారు విజిల్ కిందపడేసుకొని, "వారెవ్వ ఎస్తేరమ్మ! డాన్సు నేర్చుకో, ఎవ్వలొద్దన్నరు!" అని ఒర్రిండు.

గా చప్పట్లు నా నెత్తికెక్కినయి. ఇగ దిగలే.

ఆఖరి కూత. మేము ఒక్క పాయింటు వెనకున్నం. స్వప్న నా భుజం పట్టి, "ఇద్దరిని ముట్టి వచ్చెయ్. ఇంకేం చెయ్యకు. ఒట్టిగ వచ్చెయ్" అన్నది. పోయిన. ఇద్దరిని ముట్టిన. వెనకకు తిరిగేసరికి చెన్నూరు పిల్లలిద్దరు చెయ్యి చెయ్యి పట్టుకొని కిందికి వంగి అడ్డమొచ్చిండ్రు. పక్క నుంచి ఉరికితె అయిపోతుండె. నేను ఊకుంటనా? గాలిలకు లేచిన. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనకకు సాపి, వాళ్ల చేతుల మీది నుంచి దుంకిన. కొంగ వాలినట్టు సప్పుడు లేకుంట దిగిన.

నడిమి గీత దాటకుంట, ఇంక జానెడు దూరం ఉండంగనే దిగిన.

దిగినంక ఏం చెయ్యాలె? ఆగాలె. గడ్డం పైకి. చేతులు రెండు దిక్కుల. నవ్వాలె. జనం అందరు చూసేదాంక కదలొద్దు.

కూత మాత్రం ఆపలే, నన్ను అన్యాయంగ ఆడిపోసుకోవద్దు. నవ్వుకుంటనే 'కబడ్డీ కబడ్డీ' అంటున్న. స్వప్న గొంతు చినిగేటట్టు ఒర్రుతుంది, "గీత! గీత! గీత!"

మా తరగతిల గీత అని ఒక పిల్ల ఉండె. ఆమె ఆట చూడ వచ్చిందేమో అని నేను జనంల దేవులాడుతున్న.

గంతల్నే నా కాలి మడిమె ఎవ్వలకో దొరికింది. బొక్కబోర్ల పడ్డ. చెన్నూరు జట్టు మొత్తం వచ్చి నా మీద పండింది. విజిల్ ఊదిండ్రు. ఆట ఖతం.

నర్సయ్య సారు వచ్చి నా పక్కన గొంతుకూసున్నడు. తిట్టలే. మెల్లగ అడిగిండు, "ఫొటో మంచిగొచ్చిందా అమ్మా?"

నేను నవ్వేదాన్నే గని, గప్పుడే స్వప్నను చూసిన. గోడకు ఆనుకొని మోకాలికి చుట్టిన గుడ్డ విప్పుతుంది. ఫైనల్ దాంక పోతె ఆమె ఆట పెద్దసార్ల కండ్లవడ్తది, స్పోర్ట్స్ హాస్టల్ల సీటొస్తది, మగ్గాల కాడికి పోయే పని తప్పుతదని ఆమె ఆశ. దగ్గరికి పోయి, "స్వప్నా..." అన్న. విప్పిన గుడ్డను ఉండ చుట్టుకుంట లేచి ఎల్లిపోయింది. మొత్తం దినంల నాకు నిజంగ దెబ్బ తాకింది గక్కడనే.

ఏడ్చుకుంట చర్చికి పోయిన. ప్యాంటు ఇప్పేసరికి తెల్ల మేజోళ్లకు సుత మోకాళ్ల కాడ ఎర్రమట్టి దిగి ఉంది. రోజ్‌లిన్ మేడం చూసి, "ఇది ఏం? నువ్వు పొలం దున్నినాడా?" అని, పౌడరు డబ్బా మొత్తం నా మోకాళ్ల మీద బోర్లేసింది. వీపుకు థర్మాకోల్ రెక్కలు కట్టిండ్రు.

చర్చి ముందట టెంటు కింద జనం నిండిండ్రు. అవ్వ బిర్యానీకి పిలిస్తె నర్సయ్య సారు సుత వచ్చిండు, కబడ్డీ పిల్లలు సుత వచ్చిండ్రు. స్వప్న ముందటి వరుసల కూసుంది, నా దిక్కు చూస్తలేదు.

నా డాన్సు కథ ఇది: గొర్రెల కాపరులు పండుకుంటరు. దేవదూత వచ్చి ఆడుతది. వాళ్లు లేచి భయంతోని దేవదూత కాళ్ల మీద పడుతరు. గంతే. మీరు నమ్మున్రి నమ్మకపోన్రి, గా దినం నేను ప్రాణం పెట్టి ఆడిన. తిరిగిన, దుంకిన, దిగిన, ఆగిన, నవ్విన. మేడం కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

గప్పుడు కాపరి వేషం వేసిన మా చర్చి జాన్‌బాబు అన్న లేచిండు. మంచి లావు మనిషి. జర ఎక్కువ నటిద్దామనుకున్నడు. భయపడుకుంట పాక్కుంట వచ్చి, దబుక్కున నా మడిమె పట్టుకున్నడు.

అయ్యా, గీసారి నా బొక్కలల్ల బ్యాలే లేదు. మెదడుల ఒక్కటే మాట: గీత!

పట్టిన కాలితోని జాన్‌బాబు అన్నను గుంజుకుంట స్టేజీ మీద పాకిన. ఆయన ఇడుస్తలేడు, నేను ఆగుతలేను. బాలయేసు బొమ్మను పండవెట్టిన పశువుల తొట్టి పక్కకు ఒరిగింది. ఒక రెక్క ఊడింది. స్టేజీ అంచుకు కట్టిన రంగుల బల్బుల తీగే నాకు నడిమి గీత లెక్క కనవడ్డది. ఉన్న బలమంత పెట్టి చెయ్యి సాపి దాన్ని ముట్టిన. ముట్టుడు కాదు, గుంజిన. బల్బులతోని పాటు పైన వేలాడే బెత్లెహేము నక్షత్రం సుత టప్పున ఆరిపోయింది.

గా చీకట్ల ముందటి వరుస నుంచి స్వప్న లేచి నిలబడి ఒర్రింది, "గదీ! గట్ల ముట్టాలె! పగటీలి ఏమైంది నీ చెయ్యి?"

పాస్టరయ్యగారు మైకు తీసుకున్నరు. ఆయన ముప్పొద్దుల ప్రార్థనలు చేసిన మనిషి, ఎప్పుడేం చెయ్యాల్నో ఆయనకు తెలుసు. "ఇప్పుడు మనమందరం... గట్టిగ కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకుందాం" అన్నరు. ఆయన భుజాలు నవ్వుతోని ఎగురుతున్నయి.

బిర్యానీ కాడ నా భవిష్యత్తు మీద పంచాయితి నడిచింది. ఇన్ని దినాలు నన్ను తలో దిక్కు గుంజినోళ్లు, గిప్పుడు ఒకల మీదికి ఒకలు తోసుకుంటున్నరు.

"మేడం, పిల్ల మీదే. కబడ్డీ నుంచి నేను ఇడిసిపెట్టిన" అన్నడు నర్సయ్య సారు.

"నో నో సార్! చాలా మంచి కబడ్డీ పిల్లవాడు. మీరు ఉంచుకో!" అన్నది మేడం.

ఇద్దరు కలిసి అవ్వ దిక్కు తిరిగిండ్రు. "రెండూ వద్దమ్మా, సక్కగ చదువుల పెట్టున్రి."

అవ్వ ముఖంల జర వెలుగొచ్చింది. గప్పుడే స్వప్న, నోట్ల బిర్యానీ పెట్టుకొని, "ఆంటీ, పొద్దుగాల లెక్కల పేపరు వెనక పేజీ తిప్పనే లేదు గీమె" అన్నది. అన్నంక నా దిక్కు చూసి నవ్వింది. నా పరువు పోయింది గని, దోస్తాని వాపసొచ్చింది.

అవ్వ పల్లెం కింద పెట్టి బాపు దిక్కు చూసింది. బాపు బొక్క చీకుకుంట ఆలోచించిండు. "ఇగ నా ట్రాలీల సామాను దించుటానికన్న పనికొస్తదేమో."

నర్సయ్య సారు తల అడ్డంగ ఊపిండు. "దించుతది అన్నా. దించినంక గా బీరువాతోని ఆడనే ఆగి నవ్వుతది. వెనక బండ్లన్ని జామైతయి."

సల్లటి కబురొకటి జెప్పి ముగిస్త. మేము ఓడినా స్వప్న పట్టు చూసినోళ్లు ఊకోలే, ఆమెను స్పోర్ట్స్ హాస్టల్‌కు తీసుకున్నరు. నేను గా లెక్కల పరీక్షల తప్పిన, పబ్లిక్ పరీక్షల మాత్రం గట్టెక్కిన, ప్రతి కాయితాన్నీ దోసె లెక్క నాలుగు సార్లు తిప్పి చూసి. రోజ్‌లిన్ మేడమైతె గా ప్రోగ్రాము తెల్లారే మా ఇంటికొచ్చి, "ఎస్థర్ ఎక్కడ? ప్రాక్టీస్‌కు రాలేదాడు!" అని లొల్లి పెట్టింది.

కాబట్టి చదువుతున్న మీ అందరి ముందట, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకొని, గంభీరంగ ప్రమాణం చేస్తున్న: ఇగ బతికినన్ని దినాలు, ఎవరన్న వచ్చి "గిది చేస్తవా? దానితోని గది సుత చేస్తవా?" అని అడిగితె, "అన్నీ చేస్త" అనే ముందు, కూత ఆపి, ఒక్కసారన్న ఊపిరి పీల్చుకుంట.