పాశమైలారంలో ఉక్కువర్మకు పిన్నులు కొట్టారు

ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి అమీర్‌పేటలో పటాన్‌చెరు బస్సెక్కే ముందే నేను మా ప్రచురణకర్తకు ఫోన్‌లో "సరేనండీ, మీ ఇష్టం" అనేశాను. అన్న దగ్గర్నుంచి నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. నేను బొమ్మల కథలు రాసి, గీస్తాను. రెండు నెలలకొకసారి 'ఉరుము సరళ' అనే నా పుస్తకం వస్తుంది. సరళ సిటీ బస్సు కండక్టర్. గొంతెత్తి అరిచిందంటే ఇనుప తలుపులు ఊడి పడతాయి. మూడు సంచికలు ఆమె ఒక్కతే నడిపింది. "ఆడ హీరో ఒక్కతే పుస్తకాన్ని లాగలేదమ్మా" అని మా ప్రచురణకర్త నాలుగో సంచికలో ఉక్కువర్మ అనే కండల వీరుణ్ణి పెట్టమన్నారు. పెట్టాను. అయినా అమ్మకాలు కదల్లేదు. అందుకని ఏడో సంచిక నుంచి పుస్తకం పేరే 'ఉక్కువర్మ' అవుతుంది, సరళ అతని వెనక నిలబడుతుంది. నేను సరే అన్నది దానికే.

మరి పాశమైలారం ఎందుకంటారా? ప్రతి సంచికకూ దుకాణాల నుంచి మిగిలిన ప్రతులు వెనక్కి వస్తాయి. ఒక్క దుకాణం నుంచి మాత్రం ఎప్పుడూ రాలేదు. పాశమైలారం పారిశ్రామికవాడలో యూసుఫ్ భాయ్ అనే ఆయన జిరాక్స్ షాపు. మొదటి సంచిక నాలుగు తెప్పించుకున్న మనిషి ఇప్పుడు ఇరవై తెప్పించుకుంటున్నాడు. సరళ పని అయిపోయిందని ఆయనకు ఎదురుగా చెప్పాలని, ఆ ఇరవై మంది పిల్లల్ని ఒక్కసారి చూడాలని బయల్దేరాను. పిల్లలే అనుకున్నాను మరి!

ఆర్డినరీ బస్సులో ఆడవాళ్లకు జీరో టికెట్, ఆధార్ చూపిస్తే చాలు. ట్రాఫిక్ పుణ్యమా అని పటాన్‌చెరు చేరేసరికి పదిన్నర దాటింది. అక్కడ ఇంకో బస్సు మారి ఇస్నాపూర్ చౌరస్తాలో దిగాను. అక్కడి నుంచి లోపలికి షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. "ఏ కంపెనీల ఇంటర్వ్యూ మేడం?" అని డ్రైవర్ అడిగాడు. కంపెనీ కాదు, పుస్తకాల పని అన్నాను. "పాశమైలారంల పుస్తకాలా? గీడ డ్రమ్ములు దొరుకుతయ్, మందు గోలీలు దొరుకుతయ్, పుస్తకాలేడియి?" అని ఒకటే నవ్వు. దారంతా లారీలు, హిందీ బోర్డుల టిఫిన్ బండ్లు, ముక్కు మండించే ఏదో మందు వాసన. ముఖానికి కట్టుకోవడానికి ఒక చున్నీ ఉంచుకోండి.

యూసుఫ్ భాయ్ షాపు చాలా చిన్నది. నేను ఫలానా పుస్తకం ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే స్టూలు వేసి చాయ్ తెప్పించారు. ఆ పిల్లలు బడి నుంచి ఎన్నింటికి వస్తారని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "పోరగాండ్లా? పోరగాండ్లు ఫోన్లు జూస్తరు మేడం. మీ పుస్తకం కొనేది అట్టపెట్టెల కంపెనీ లేడీసు. ఆళ్ల ఫోన్లు గేటు కాడ్నే జమ చేసుకుంటరు గదా, మిషన్ల చేతులు పడ్తయని. ఇగ లంచ్‌ల ఏం జేస్తరు? గిది సదువుతరు." ఏడాదిగా పన్నెండేళ్ల పిల్లాణ్ణి కళ్ల ముందు పెట్టుకుని కథలు రాస్తున్నదాన్ని!

కంపెనీ రెండు సందుల అవతలే. యూసుఫ్ భాయ్ సూపర్‌వైజర్‌తో మాట్లాడి, లంచ్ టైములో అరగంట కూర్చోనిస్తామని ఒప్పించారు. గేటు దగ్గర నా ఫోన్ కూడా తీసుకుని ఇత్తడి టోకెన్ ఇచ్చారు. పన్నెండున్నరకు బెల్లు కొట్టగానే రేకుల షెడ్డు కిందకు పదిహేను మంది దాకా ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలతో వచ్చారు. వాళ్లలో పెద్దామె అంజమ్మ. అట్టపెట్టెలకు రాగి రంగు పిన్నులు కొట్టే మిషన్ ఆమెది. డబ్బా మూత కింద నుంచి మా ఐదో సంచిక తీసి, పక్కనున్నవాళ్లకు పైకి చదవడం మొదలుపెట్టింది. బీహార్ నుంచి వచ్చిన సునీతకు తెలుగు రాదు, ఆమె బొమ్మలు చూస్తూ భుజం మీద నుంచి వంగింది.

అప్పుడు చూశాను. పుస్తకం మధ్యలో ఎనిమిది పేజీలు కలిపి, మూడు అంచులా పిన్నులు కొట్టేసి ఉన్నాయి. పెట్టెలకు కొట్టే పిన్నులు! ఇదేమిటండీ అని అడిగాను.

"గదా? గా ఉక్కువర్మ పేజీలు. మాకొద్దు," అంది అంజమ్మ ముద్ద కలుపుతూ. "నాలుగుల, ఐదుల, ఆరుల, అన్నిట్ల కొట్టిన. ఆడొచ్చిన కాన్నుంచి ఆమె నోరు మూసుకున్నది. ఆమెకున్నదే నోరాయె."

"మరి కథ అర్థమవుతుందా? ఇందులో సరళను గోడౌన్‌లో పెట్టి తాళం వేశారు కదా. బయటికెలా వచ్చింది?"

"ఎట్లొస్తది? అరిసింది. తలుపు వడ్డది. ఒచ్చింది. గంతే!"

ఓరి దేవుడా! నేను మొదట రాసింది అదే. సరళ అరుస్తుంది, తలుపు పడుతుంది. ఆ పేజీని మార్పించి, ఉక్కువర్మ చేత తలుపు పగలగొట్టించారు మా ప్రచురణకర్త. ఆ పాత పేజీ మా ఇంట్లో బీరువా పైన ఉంది, ఎవరూ చూడలేదు. ఈమె దాన్ని అన్నం తింటూ అప్పజెప్పింది.

"ఈ రాసెటోడు మంచిగనే మొదలువెట్టిండు. నడిమిట్ల ఏం రోగమొచ్చిందో," అని కూడా అంది. అట్ట మీద నా పేరు పొడి అక్షరాల్లో ఉంటుంది, వాళ్లకెలా తెలుస్తుంది? సిగ్గుతో చచ్చిపోతూ, రాసింది నేనేనని చెప్పాను. అందరూ నమలడం ఆపేశారు. పక్కామె హిందీలో చెప్పగానే "దీదీ నే లిఖా?" అని సునీత నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"నువ్వా!" అంది అంజమ్మ. "ఆడిదానివై ఉండి గిట్లెట్ల జేస్తివి?"

"ఆమె ఒక్కతే నడపలేదన్నారక్కా."

"ఎవలన్నరు? పన్నెండేండ్లసంది ఆ మిషిని మీద నేనొక్కదాన్నే ఉన్న. నా పక్కకు ఎవణ్ణన్న నిలవెట్టిన్రా?" అని, కోపం తగ్గించుకుని, నా చేతిలో ఒక రొట్టె ముక్క పెట్టింది. "ఇంకొకటి బిడ్డా. ఆరు పుస్తకాలాయె, సరళ ఒక్కపారి గూడ అన్నం తినలే. తినకుంట ఎట్ల అరుస్తది?"

ఏడో సంచిక సరళది కాదని చెప్పడానికే కదా ఇంత దూరం వచ్చింది, ఆ మాట ఎత్తకుండా రొట్టె తిన్నాను. ఒంటి గంటకు బెల్లు కొట్టగానే గేటుకు పరుగెత్తి, టోకెన్ ఇచ్చి ఫోన్ తీసుకుని, లారీల హారన్ల మధ్యే ప్రచురణకర్తకు చేశాను. పొద్దున అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాను. "అట్ట ప్రెస్సుకు పోయిందమ్మా, దాని మీద ఉక్కువర్మే ఉన్నాడు," అన్నారు. లోపలి పేజీలు నా దగ్గరే ఉన్నాయని, వాటిలో అతని నీడ కూడా ఉండదని చెప్పాను. అరిచాను. ఆయనా అరిచారు. పిన్నుల సంగతి చెప్పాక మాత్రం, అన్ని సంచికలకూ కొట్టారా అని అడిగి దిగొచ్చారు. "మూడు సంచికలు. ఒక్కతే నడపనీ. తర్వాత నన్ను అడగొద్దు," అని పెట్టేశారు.

మూడు సంచికల తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. ఆడ హీరో ఒక్కతే పుస్తకాన్ని నిలబెట్టగలదా అని ఇన్నాళ్లూ అందరినీ అడిగాను, చదివేవాళ్లను తప్ప. మొన్న ఏడో సంచిక వచ్చింది. మొదటి పేజీలో సరళ డిపోలో కూర్చుని అన్నం తింటుంది, తిన్నాకే లేస్తుంది. నిన్న యూసుఫ్ భాయ్ ఒక ఫోటో పంపారు. కౌంటర్ మీద ఇరవై పుస్తకాలు, ఒక్కదాని మీదా ఉక్కువర్మ కనపడటం లేదు. అంజమ్మ వాళ్లు ప్రతి అట్ట మీదా పెట్టెల అట్టముక్క ఒకటి వేసి, నాలుగు మూలలా పిన్నులు కొట్టి, స్కెచ్ పెన్నుతో 'సరళ' అని రాశారు.

చిన్న పత్రికలు, బొమ్మల పుస్తకాలు నడిపేవాళ్లు ఇలా వెళ్లాలనుకుంటే ఒక్క సలహా. పన్నెండుంపావుకల్లా గేటు దగ్గర ఉండండి, లంచ్ అరగంటే. రాసింది మీరేనని మాత్రం మొదటి ఇరవై నిమిషాలు చెప్పకండి.