సరోజ గుండె చప్పుడు

ఆపరేషన్ ఎప్పుడు అమ్మమ్మా అని ఫోన్లో అడిగావు కదా చిన్నీ, అది నాకూ తెలియదమ్మా. గుండెలో వాల్వు సన్నబడింది గానీ ఇంకా కోయాల్సినంత కాలేదు, మళ్లీ ఎకో తీసి చూద్దామంటాడు డాక్టరు. పోయిన ప్రతిసారీ అదే మాట. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే భయం. అలా నడుస్తోంది.

దయ్యాలూ గాలి సోకడాలూ నేనెన్నడూ నమ్మలేదు. వల్లకాటి పక్క చేనులో ఒంటరిగా కలుపు తీసినదాన్ని. అయినా ఈ సంగతి నీకు చెప్పాలి.

మా యారాలు సరోజ, అంటే మీ చిన్నతాత భార్య, భూపాలపల్లిలో ఉంటుంది. ఆమెకూ నా జబ్బే. నా తర్వాత బయటపడింది, ఆపరేషన్ మాత్రం ఆమెకే ముందైంది. మెటల్ వాల్వు వేశారు. గది నిశ్శబ్దంగా ఉంటే ఆమె ఛాతీలోంచి టిక్కు టిక్కుమని వినిపించేది.

చూడటానికి స్టేషన్ ఘన్‌పూర్ నుంచి బస్సులో వెళ్లాను. పిల్లలు వరసగా ఆమె ఛాతీకి చెవి ఆనించి వింటున్నారు.

"అక్కా, నువ్వు గూడ ఇను. నీకంటె ముందుగాల నాకే పెట్టిండ్రు గడియారం."

"నాకు పెట్టేటోనికి ఇంక పొద్దు దొరుకుతలేదు తియ్," అన్నాను.

అందరూ నవ్వారు. నాకు కడుపు మండింది. ఆమె సంగతి తేలిపోయింది, నాది వేలాడుతూనే ఉంది. ఇంటికొచ్చినా ఆ చప్పుడు మీదే మనసు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు తుంచుతున్నాను. టిక్కు టిక్కుమని వినిపించింది. మా ఇంట్లో గోడ గడియారం లేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాను. అక్కడి నుంచే. మీ అత్తను పిలిచాను. చెవి ఆనించి, వెనక్కి జరిగింది.

"గిదేందత్తమ్మా? నీకు ఆపరేషనే కాలేదు గదా!"

నాకు మాత్రం ముందు సంతోషమే కలిగింది. ఆ గొప్ప చెప్పుకోవడానికే సరోజకు ఫోన్ చేశాను.

"చెల్లె, నాకు గూడ టిక్కు టిక్కు అంటుందే!"



"నాది నిన్నటి సంది ఇనవడ్తలేదక్కా. మంచిగైందేమో అనుకున్న. జర ఆయాసమైతే ఉన్నది."

"బిళ్లలు ఏస్కుంటున్నవా?"

"ఒక్కపొద్దులున్న గదా. ఆపరేషన్ మంచిగైతే శ్రావణమంత ఉంటనని మొక్కిన. ఒక్కపొద్దుల మందు మింగుతరా ఎవలన్న?"

రక్తం గడ్డకట్టకుండా వేసుకునే బిళ్లలవి. రోజూ వేసుకోవాలి. నేను ఫోన్లోనే మరిదిని కేకేశాను. వెంటనే దవాఖానకు తీసుకుపోయారు. వాల్వుకు రక్తం గడ్డ పట్టిందట, అందుకే చప్పుడు ఆగిందట. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. మందులతో గడ్డ కరిగింది. ఆమె చప్పుడు మళ్లీ మొదలైందని మరిది ఫోన్ చేసినప్పుడు చూసుకుంటే, నాది లేదు.

మా డాక్టరుకు చెప్పాను. ఎకో తీసి, అలా మోగడానికి మీ లోపల మెటలే లేదు కదమ్మా అన్నాడు. కోడలు కూడా విన్నదన్నాను. మళ్లీ వచ్చినప్పుడు చూద్దామన్నాడు.

నన్ను బతికించింది నువ్వే అక్కా అని సరోజ ఎవరొచ్చినా చెబుతుంది. నేను తల దించుకుంటాను. నా కుళ్లే ఆమె చప్పుడును లాక్కొచ్చిందా, ఆమె గుండే నన్ను వెతుక్కుంటూ వచ్చిందా?