మావ చదవలేని అక్షరాలు

కోటబొమ్మాళిలో పాసింజరు ఎన్నింటికి ఆగుతుందో చూద్దామని ఈ ఉదయం ఫోన్ తెరిస్తే, రైళ్ల వేళల పేజీలో అక్షరాలు ఆవగింజలంత ఉన్నాయి, రెండు వేళ్లతో ఎంత సాగదీసినా పెరగవు. వాటిని అలా బిగించిన మహానుభావుణ్ణి తిట్టబోయి నోరు మూసుకున్నాను, ఎందుకంటే పదేళ్ల కిందట అదే పని చేసినవాణ్ణి నేను. చత్వారం వచ్చిన నా ఈడువాళ్లయితే నవ్వకుండా వింటారని చెబుతున్నాను.

శ్రీకాకుళంలో చాలా ఏళ్లు పెళ్లి శుభలేఖలు కంప్యూటర్‌లో కూర్చి బతికాను. అక్కడ అక్షరానికి మనం పెట్టిన సైజే శాసనం. పెళ్లికూతురి పేరు పిసరంత జరిగినా వాళ్ల మేనత్త అలిగేది. నలభై దాటాక వెబ్ పేజీలు చేయడం నేర్చుకున్నా, కొలిచి బిగించే ఆ అలవాటు పోలేదు. అప్పుడే మా మేనమామ ఉండే చేపల ఊళ్లో పడవల సంఘంవాళ్లు, మర్నాడు సముద్రం ఎలా ఉంటుందో చూపించే పేజీ ఒకటి చేసిపెట్టమన్నారు. వాతావరణ శాఖ చెప్పిన మాట రోజూ మధ్యాహ్నం నేను అందులో ఎక్కిస్తే, సాయంత్రం మావ రేవులో నిలబడి, సంఘం తన చేతికిచ్చిన ఫోన్ చూసి అందరికీ చదివి వినిపించేవాడు. అంతకుముందు రేడియో విని చెప్పినవాడూ ఆయనే. ఆయన పొమ్మంటేనే పడవలు కదిలేవి.

ఆ పేజీని ఎంత ముద్దుగా చేశానో! ప్రతి అక్షరాన్నీ ఇన్ని పిక్సెళ్లని కట్టేసి, వేళ్లతో లాగితే అందమంతా చెదిరిపోతుందని పెద్దది చేసుకునే వీలు కూడా తీసేశాను. వారం తిరక్కుండా సంఘం పెద్ద ఫోన్ చేశాడు. మావ మూడు రోజులుగా వేట వద్దంటున్నాడట, సముద్రమేమో పళ్లెంలో నీళ్లలా ఉందట, వయసు మీదపడి ఆయన మాట తప్పుతోందని, చదివే పని ఇంకొకరికి ఇచ్చేద్దామని అందరూ అంటున్నారట. ఆ మూడు రోజులూ నేను ఎక్కించింది వేటకు పోవచ్చనే.

దొరికిన బస్సెక్కి వెళ్లేసరికి మావ ఒంటరిగా పడవ చాటున కూర్చుని, ఫోన్‌ను ఒకసారి చేయి చాచి, ఒకసారి ముక్కుకు ఆనించి చూస్తున్నాడు.

“ఒరే అల్లుడా, ఫోన్ల అచ్చరాలు పెద్దవి సేసినాను. అన్నీ పెరిగినాయి, నీయి పెరగవేటిరా? కనపడ్డం నేదని సెప్తే ఈ పని తీసేస్తారు. సూడకుండా పొమ్మంటే మనుషులే పోతారు. అందుకే వద్దన్నాను.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మనుషుల్ని కాచుకున్నాడు, నేను నా పేజీ అందాన్ని కాచుకున్నాను.

సంఘం గదిలో లాప్‌టాప్ తెరిచి, పిక్సెళ్లు పీకేసి రెమ్ అనే కొలత పెట్టాను. అంటే చదివేవారు తమ బ్రౌజర్‌లో ఎంచుకున్న అక్షరమే మామూలు వాక్యానికి సైజు, శీర్షిక దానికి ఒకటిన్నర రెట్లు. వేళ్లతో లాగే వీలూ తిరిగి ఇచ్చాను. తీరా అక్షరాలు పెరిగేసరికి, ఆ వాక్యాల చుట్టూ నేను ఎత్తు బిగించి గీసిన డబ్బాలో ఆఖరి వరస కనపడకుండా పోయింది. వేటకు పోవచ్చా లేదా అన్నది ఆ వరసలోనే ఉంది. డబ్బాను కూడా వదులు చేశాను. నా ముద్దుల పేజీ పొడుగ్గా, లావుగా, అచ్చం మా అత్తలా తయారైంది.

ఆ సాయంత్రం మావ ఎక్కడా తడబడకుండా చదివాడు. చదివి ఊరుకోక, మూడు రోజులూ కళ్లు ఆనక వద్దన్నానని తనే బయటపెట్టేశాడు. ముగ్గురు కొడుకులూ వేటకు పోయే ఒక పెద్దామె, అంతవరకూ అందరికన్నా గట్టిగా తిట్టినామె, ముందుకొచ్చి, “తెలీనప్పుడు వద్దన్నోడే మాకు కావాల. రేపు కూడా నువ్వే సదువు” అంది. మావ కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఇప్పుడు ఆ రేవులో ఎవరి ఫోన్ వారిది, ఎవరి కంటికి సరిపడే అక్షరం వారిది. మంచి రోజులే వచ్చాయి, కాదనను. కాకపోతే ఒక మనిషి గొంతు కోసం ఊరంతా ఇసుకలో నిలబడి ఎదురుచూసే సాయంత్రాలు పోయాయి, మావా పోయాడు. నా దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లలు మాత్రం పేజీ పూర్తికాగానే, నేను చెప్పకముందే, అక్షరాలను రెండింతలు చేసి చదివి చూస్తారు. అది ఎవరి కోసం మొదలైన అలవాటో వాళ్లకు తెలియదు.